తప్పెటగుళ్ళ గురువుగారి మడమలు

బజార్లో ఎవరైనా ఎదురుపడి "బాగున్నారా అమ్మా" అని పలకరిస్తే నాకు చాలాసార్లు ముఖం గుర్తుకు రాదు. నవ్వేసి, ఏదో మాట్లాడేసి పంపిస్తాను. ఆ మనిషి తిరిగి నాలుగడుగులు వేసేసరికి వెనకనుంచి నడక చూసి, ఓహో, తుంటి విరిగిన ఇడ్లీల మామ్మ కదా అని గుర్తొస్తుంది. అప్పుడు కేకేసి వెనక్కి పిలిచి మళ్ళీ మొదటినుంచి పలకరిస్తాను. ఉద్యోగమంతా మనుషుల మోకాళ్ళూ నడుములూ చూస్తూ గడిపినదానికి రిటైరయ్యాక కూడా వదలని జబ్బు ఇది.

ఫిజియోథెరపీ చదివి ఇప్పుడిప్పుడే పనిలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొస్తారు. మీరు మర్చిపోలేని కేసు చెప్పండి మేడమ్ అంటారు. పక్షవాతంతో పడిపోయి లేచి పరుగెత్తిన మనిషి కథ చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటివీ ఉన్నాయి. కానీ నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక తప్పెటగుళ్ళ గురువుగారి మడమలు. పైకి చూస్తే చిన్న నొప్పి. ఎక్స్‌రేలో కూడా కనబడదు. అయినా ఆ కేసు నాకు నేర్పినంత ఇంకేదీ నేర్పలేదు, ఆ కేసులో నవ్వినంతగా నేనింకెక్కడా నవ్వలేదు. కనుక అదే చెబుతాను.

నేను పనిచేసింది బొబ్బిలికి అవతల ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో. మాది చర్చి కుటుంబం. మా నాన్న జూట్‌మిల్లులో కూలీగా చేసేవాడు. నన్ను చదివించిందీ మిషనే, ఉద్యోగమిచ్చిందీ మిషనే. ఫిజియో గది అంటే ఒకప్పుడు ధాన్యం బస్తాలు వేసుకున్న కొట్టు. అందులో రెండు మంచాలు, పట్టుకుని నడవడానికి ఇనప కమ్మీలు, చేతులు లాగడానికి గోడకి ఒక తాడూ గిలకా. ఊళ్ళవాళ్ళకి ఫిజియోథెరపీ అనే మాట నోరు తిరగక నన్ను కసరత్తులమ్మ అనేవారు. నాకా పేరే బాగుండేది.

రెండువేల పదుల మధ్యలో మాకొక కుర్ర డాక్టరుగారు వచ్చారు. గోదావరి అవతలి మనిషి. మంచివాడు, ఓపికస్తుడు, పుస్తకం వదిలేవాడు కాదు. ఒక్కటే ఇబ్బంది, మొదట్లో మా యాస ఆయనకి సగమే అర్థమయ్యేది, ఆయన మాట మావాళ్ళకి సగమే అర్థమయ్యేది. ఒకావిడ వికారంగా ఉండి "కడుపులో దేవేస్తన్నాది బాబూ" అంటే, ఎవరు దేవారమ్మా అని అడిగారట. ఆ సంగతి వంటశాల దాకా పాకిపోయి వారం రోజులు నవ్వుకున్నాం. ఆయనా మాతో కలిసి నవ్వారు.

వానలు వెనకబట్టి, ఊళ్ళల్లో జాతర్ల మాట మొదలయ్యే రోజులు. ఒక ఉదయం గుమ్మంలో ఒక పెద్దాయన కనబడ్డాడు. సన్నటి మనిషి, తీగలాంటి ఒళ్ళు, అరవై ఐదు దాటిన వయసు. తలపాగా మాత్రం పెళ్ళికొడుకులా చుట్టుకున్నాడు. రెండు కాళ్ళూ ఈడ్చుకుంటూ, మడమలు నేలకి తగలకుండా కోడి నడిచినట్టు నడుస్తున్నాడు. వెనకాల భార్య చేతిసంచీతో వస్తోంది.

"సీటీ రాసే బాబు ఇటెల్లమన్నాడమ్మా. మడమెనక నరాలు లాగీస్తన్నాయి," అన్నాడు.

ఆయన్ని నేను ఎరుగుదును. మా చుట్టుపక్కల ఎరగనివాళ్ళు లేరు. తప్పెటగుళ్ళ దళానికి గురువు. చూడని పిల్లలకి ఒక్కమాట చెప్పాలి: గుండెల మీద గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని (వాటినే గుళ్ళు అంటారు), కాళ్ళకి గజ్జెలు వేసుకుని, గంగమ్మ మీద పాడుతూ వలయంగా తిరుగుతూ, వాయిస్తూ, ఎగురుతూ ఆడే ఆట అది. మునివేళ్ళ మీద లేచి, గాల్లోకి ఎగిరి, దిగీ దిగగానే మళ్ళీ ఎగరాలి. భారమంతా మడమ వెనకున్న ఆ తాడులాంటి దానిమీదే. మావాళ్ళు దాన్ని నరం అంటారు, పుస్తకాల్లో స్నాయువు అని రాస్తారు. పిక్కని మడమకి కట్టిపెట్టేది అదే.

కాబట్టి నాకు అనుమానమే రాలేదు. జాతర దగ్గరికొచ్చింది, సాధన ఎక్కువ చేసుంటాడు, లాగేసింది. ఇలాంటి కేసులు ఏటా వచ్చేవే. మంచం మీద పడుకోబెట్టి చూశాను. మడమల పైన రెండువైపులా వాపు, వేలు పెడితే కాలు లాగేసుకుంటున్నాడు. పాదానికి తువ్వాలు వేసి మెల్లగా సాగదీయిద్దామని తువ్వాలు కూడా తీసుకున్నాను.

"సాధన బాగా జరుగుతున్నట్టుంది గురువుగారూ," అన్నాను మాటవరసకి.

"సాధనేటమ్మా. జొరమొచ్చి పక్కమీద పడున్నాను గదా. గుళ్ళు ముట్టుకుని శానా రోజులైపోనాది."

తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది. ఎగరనివాడికి ఎగిరినవాడి నొప్పి ఎందుకొచ్చింది? అదీ ఒక కాలికి కాదు, రెండింటికీ ఒకేసారి.

"జ్వరానికి ఏం మందిచ్చారు?" అని అడిగాను.

భార్య సంచీలోంచి మాత్రల అట్ట తీసి చూపించింది. మా ఆసుపత్రి మందే. దగ్గూ జ్వరమూ ఛాతీలోకి దిగితే మా కుర్ర డాక్టరుగారు రాసిచ్చిన యాంటీబయాటిక్. ఇంకా రెండు పూటలవి మిగిలున్నాయి.

"ఇది కాకుండా ఇంకేమైనా మింగుతున్నారా?"

"నేదమ్మా," అన్నాడు గురువుగారు ధీమాగా. "బీపీ నేదు, సుగర్ నేదు. ఏ మందూ ఎరగను."

భార్య అటు తిరిగి నవ్వింది. "ఊపిరి మాత్ర సెప్పవేటి మరి?"

"అది మందేటే? టీ తాగినట్టు పొద్దున్నే ఒకటేసుకుంటాను."

చెంగు ముడి విప్పి ఆవిడ ఇంకో అట్ట నా చేతిలో పెట్టింది. చిన్న తెల్ల మాత్రలు. ఆయాసం వచ్చినప్పుడు ఎప్పుడో ఎవరో ఇచ్చారట. మింగితే ఊపిరి ఆడుతోంది, ఆట ఆడగలుగుతున్నాడు, అందుకని ఏళ్ళ తరబడి మందులకొట్లో కొనుక్కుని మింగుతూనే ఉన్నాడు. అది స్టెరాయిడ్.

నాకప్పటికి ఇది ఫలానా అని తెలియలేదు. ఏదో సరిగా లేదని మాత్రం తెలిసింది. రెండు అట్టలూ పట్టుకుని ఓపీ గదికి వెళ్ళాను. డాక్టరుగారి ముందు పెట్టి, నొప్పి సంగతి చెప్పాను. ఆయన ఒకసారి ఈ అట్ట చూశారు, ఒకసారి ఆ అట్ట చూశారు. కుర్చీలోంచి లేచిపోయారు.

"స్టెరాయిడా? నేను అడిగాను మేడమ్. మీరు స్టెరాయిడ్లు వాడుతున్నారా అని ప్రత్యేకంగా అడిగాను."

"ఏమన్నాడు?"

"'నేదు బాబూ, అలాటి అలవాట్లు నాకు నేవు' అన్నాడు."

ఇద్దరం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళం చూసుకున్నాం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన అప్పటికే బల్లమీద లావుపాటి పుస్తకం తెరిచారు, ఆ పేజీ ఆయనకి తెలిసిందే. పేరు చివర "ఫ్లాక్ససిన్" అని వచ్చే యాంటీబయాటిక్ మందుల కుటుంబం ఒకటుంది. అవి కొందరిలో స్నాయువుల్ని దెబ్బతీస్తాయి, ముఖ్యంగా మడమ వెనకదాన్ని. అరవై దాటినవాళ్ళకి ముప్పు ఎక్కువ. దానికి తోడు స్టెరాయిడ్ కూడా మింగుతుంటే మరీ ఎక్కువ. మొదట నొప్పీ వాపూ వస్తాయి. అప్పుడు ఆగకపోతే ఆ తాడు తెగిపోవచ్చు కూడా. మందు మానేసిన కొన్ని నెలలదాకా ఆ ముప్పు పూర్తిగా పోదు.

డాక్టరుగారు నాకంటే ముందే ఫిజియో గదికి చేరారు. నేలమీద గొంతుక్కూర్చుని, గురువుగారిని మంచం మీద బోర్లా పడుకోబెట్టి, పిక్కని చేత్తో నొక్కారు. ఆ తాడు తెగుంటే పాదం కదలదు. పాదం కిందికి వంగింది. రెండో కాలిదీ వంగింది.

"తెగలేదు," అన్నారు. ఆయన ఊపిరి వదలడం నాకు వినబడింది.

తర్వాత గురువుగారి పక్కనే కూర్చుని, ఏ తడబాటూ లేకుండా ఉన్నదున్నట్టు చెప్పారు. నేనిచ్చిన మందూ, మీరు మింగే ఊపిరి మాత్రా రెండూ కలిసి మీ మడమలమీద పడ్డాయి, నాకర్థమయ్యేలా మీరు చెప్పలేదు, మీకర్థమయ్యేలా నేను అడగలేదు అన్నారు. ఆ యాంటీబయాటిక్ అక్కడితో ఆపించి వేరే మందు మార్చారు. ఊపిరి మాత్రని మాత్రం ఒక్కసారిగా ఆపకూడదన్నారు. ఏళ్ళ తరబడి అలవాటైన ఒళ్ళు ఒక్కసారి మానేస్తే కూలబడుతుంది, అందుకని కొద్దికొద్దిగా తగ్గిస్తూ, దాని బదులు నోట్లోకి పీల్చే మందు అలవాటు చేద్దామన్నారు.

గురువుగారు అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. చివర్లో అడిగాడు.

"మరి జాతరకి ఎగరొచ్చునా బాబూ?"

"కొన్ని నెలలదాకా ఎగరకూడదు."

తలూపడం ఆగిపోయింది.

రెండో రోజు మా ఆసుపత్రి ముందు ట్రాక్టరు ఆగింది. దళం దళమంతా దిగింది. పాలు పితికే చేతులు, పొలం దున్నే కాళ్ళు, మీసాలు. అందరూ నా గది ముందు వరసగా నిలబడ్డారు. వాళ్ళ తరఫున మాట్లాడింది గురువుగారి బావమరిది. ఆయనకీ అరవై ఉంటాయి. బండలా ఉండే మనిషి, గొంతు మాత్రం మెత్తన. గురువుగారి భార్యకి సొంత తమ్ముడు. దళంలో పాట ఆయనదే, ఎందుకంటే ఆయాసం మొదలయ్యాక గురువుగారు పాటని ఈయనకి వదిలేశాడు. ఆట మాత్రం వదల్లేదు. వలయం మధ్యలోకి వెళ్ళి ఎగిరే ఎగురు ఎప్పుడూ గురువుగారిదే.

"అమ్మా, మా బావ ఎగరకపోతే అది జాతరే కాదు. ఒక్క పూట. మా ఊరు ఊరంతా అడుగుతన్నారు," అన్నాడు.

"ఆ ఒక్కపూటకే తెగొచ్చు. తెగితే ఆపరేషన్. ఆ తర్వాత ఆటే ఉండదు," అన్నాను.

"కట్టు గట్టిగా కడితేనో?"

"కట్టు పైన ఉంటుంది. తెగేది లోపల."

వాళ్ళు బరువుగా ట్రాక్టరెక్కారు. బావమరిది మాత్రం చివరిదాకా నిలబడి, నాకు తెలిసిన సూదేసే ఆయన ఒకడున్నాడమ్మా, మడమలో సూదేస్తే ఆ పూటకి నొప్పి తెలీదంట అన్నాడు. ఆ సూదిలో ఉండేది మళ్ళీ స్టెరాయిడే. తెగడానికి సిద్ధంగా ఉన్నదాంట్లోకి నేరుగా అదే ఎక్కించడమన్నమాట. వద్దంటే వద్దన్నాను. ఆయన సరేనన్నాడు. మావాళ్ళు సరే అనే తీరులు చాలా ఉంటాయి. అది ఏ తీరో నాకు అప్పుడు తెలియలేదు.

జాతర రోజు మధ్యాహ్నం తెలిసింది. అన్నం తింటుంటే ఆసుపత్రి ఫోను మోగింది. అవతల గురువుగారి భార్య. ఎవరిదో సెల్లు అడిగి చేసిందట, గట్టిగా అరిస్తేనే వినబడుతుందనుకుని అరుస్తోంది.

"అమ్మా, మా తమ్ముడు సూదాయన్ని ఇంటికే రమ్మన్నాడు. ఈయన గజ్జెలు కట్టీసుకుని కూకున్నాడు. నా మాట ఇనడు. మీరొస్తే ఇంటాడు."

చెయ్యి కడుక్కుని డాక్టరుగారికి చెప్పాను. ఆయన తన మోటారుసైకిలు తాళం తీశారు. నేను జీవితంలో అంతకుముందు మగవాళ్ళ బండి వెనక ఎక్కింది మా ఆయన బండే. అది కూడా సైకిలు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, సీటు కింద కమ్మీ ఒక చేత్తో పట్టుకుని, గతుకు గతుకుకీ ప్రభువుని తలుచుకుంటూ వెళ్ళాను. దారిపొడవునా జాతరకి పోయే జనం. అందరూ నాకు తెలిసిన మోకాళ్ళే. "కసరత్తులమ్మ బండెక్కినాదిరా" అని ఒకాయన అరవడం కూడా వినబడింది.

మేం వెళ్ళేసరికి గురువుగారు అరుగుమీద కూర్చున్నాడు. కాళ్ళకి గజ్జెలు, గుండెమీద తప్పెట. మమ్మల్ని చూసి, తప్పు చేస్తూ దొరికిన పిల్లాడిలా తల దించుకున్నాడు. దళం చుట్టూ మూగింది. సూది ఆయన ఇంకా రాలేదు. భోజనం చేసి వస్తానన్నాడట. ఆ భోజనానికి నేను ఇప్పటికీ కృతజ్ఞురాల్ని.

డాక్టరుగారు కోప్పడలేదు. గురువుగారి మెడలో తప్పెట వేలాడుతున్న తాడు చూశారు. పాతది, ఒకచోట పోగులు విడిపోయి ఉంది. దాన్ని వేలితో పట్టుకున్నారు.

"గురువుగారూ, ఈ తాడు ఇక్కడ పలచబడింది. దీనికి బిందె కట్టి నీళ్ళు తోడతారా?"

"తోడను. తెగుద్ది."

"నూతి దగ్గర చీకటి చేసేసి, తాడు పలచబడింది కనబడకుండా చేస్తే?"

గురువుగారు ఆ విడిపోయిన పోగుల్ని వేలితో తడిమాడు. "అప్పుడు తోడీస్తాను. బిందె నూతిలో పడుద్ది."

"సూది చేసేది అదే."

బావమరిది ముందుకొచ్చి, గురువుగారి గజ్జెలు తనే విప్పడం మొదలుపెట్టాడు. నేను ఆయన ముఖం చూశాను. గురువుగారు ఎగరకపోతే మధ్యలో ఎగిరేది తనే అని అక్కడున్న అందరికీ తెలుసు. అన్నేళ్ళుగా రెండో వరసలో ఉన్న మనిషి. అయినా బావే ఎగరాలని సూది కోసం ఊళ్ళు తిరిగాడు.

గురువుగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎగరకపోతే అమ్మోరికి ఏటి సెప్పను నాను?"

అంతవరకూ గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్య అంది. "నోరున్నాది గదా. పాడి సెప్పు."

"పాడితే ఊపిరాడదే."

"ఆ పీల్పుడు మందొచ్చాక పొద్దున్న లెగిసి నన్ను తిడతన్నావు. ఆపకుండా తిడతన్నావు. ఊపిరాడకుండానే?"

దళమంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. గురువుగారు నవ్వకూడదని మూతి బిగించి, ఆగలేక తనూ నవ్వేశాడు. నవ్వుతూనే ఒక రాగం తీసి చూశాడు. పొడుగ్గా తీశాడు. మధ్యలో తెగలేదు. ఆయనకే ఆశ్చర్యం వేసినట్టు ఆగి, మళ్ళీ తీశాడు.

అలా కుదిరింది. బావ పాట, బావమరిది ఎగురు. అప్పటికి సూది ఆయన మోపెడ్ మీద వచ్చాడు. డాక్టరుగారు ఆయన్ని పక్కకి పిలిచి నెమ్మదిగా మాట్లాడారు. ఆయన సంచీ తెరవకుండానే, వచ్చాను కాబట్టి ఆట చూసి వెళ్తానన్నాడు.

ఎండ చల్లబడ్డాక ఆట మొదలైంది. గంగమ్మ గుడి ముందు కళ్ళంలో ప్లాస్టిక్ కుర్చీ వేసి గురువుగారిని కూర్చోబెట్టాం. ఆయన మడమల కింద నేను మడత పెట్టిన గోనె ఉంచాను. భార్య కుర్చీ వెనకే చతికిలబడి, ఆయన పంచె అంచు గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. ఎందుకమ్మా అంటే, "మీకు తెల్దు. పాటొస్తే ఈయనకి ఒళ్ళు తెల్దు," అంది.

నిజమే. రెండో పాటకే మూడుసార్లు లేవబోయాడు, మూడుసార్లూ పంచె వెనక్కి లాగింది. పాట మాత్రం ఏమని చెప్పను. అన్నేళ్ళు దాచి ఉంచినట్టుంది. ముసలి గొంతే, అంచుల్లో గీరుకుపోతోంది, కానీ వాన కోసం అమ్మని పిలిచే చోట అది పైకి లేస్తుంటే జనం కబుర్లు ఆపేశారు. గుళ్ళు ఒక్క దెబ్బలా మోగుతున్నాయి. బావమరిది మొదట్లో భయం భయంగా ఆడాడు, బావ ముఖం చూసుకుంటూ. గురువుగారు పాడుతూనే చేత్తో పైకి, పైకి అని సైగ చేశాడు. అప్పుడు ఎగిరాడాయన. ఆ బరువైన మనిషి అంత ఎత్తు ఎలా లేచాడో నాకు శరీరశాస్త్రం ప్రకారం అర్థం కాలేదు. దిగి, మళ్ళీ లేచాడు. సెల్లుఫోన్లలో వీడియోలు తీయడం జనానికి అప్పుడప్పుడే అలవాటవుతోంది. ఎన్ని చేతులు పైకి లేచాయో.

ఆఖరి పాటలో బావమరిది దళంవాళ్ళకేదో సైగ చేశాడు. వలయం విడిపోయి కుర్చీ చుట్టూ చేరింది. ఏం చేస్తున్నారో నాకు తట్టేలోపల కుర్చీని నాలుగువైపులా పట్టుకుని గురువుగారిని కుర్చీతో సహా భుజాలమీదికి ఎత్తేశారు. ఎత్తి, ఎగరడం మొదలుపెట్టారు. వాళ్ళు లేచినప్పుడల్లా ఆయన లేస్తున్నాడు. తలపాగా ఊడి భార్య ఒళ్ళో పడింది. పంచె ఆవిడ చేతిలోంచి ఎప్పుడో జారిపోయింది.

నేను రెండు చేతులూ చాపి ముందుకు పరుగెత్తబోయాను. డాక్టరుగారు పట్టుకుని ఆపారు.

"మేడమ్, చూడండి. మడమలు నేలకి తగలట్లేదు."

చూశాను. గాల్లో వేలాడుతున్న ఆ రెండు పాదాల్నీ చూశాను. గజ్జెలు లేవు, గోనె లేదు, కింద ఏమీ లేదు. ఆయన తప్పెట వాయిస్తూ పాడుతూనే ఉన్నాడు. చర్చిలో పాటల దగ్గర నేను చప్పట్లు కూడా మెల్లగా కొడతాను. ఆ వేళ మాత్రం ఎలా కొట్టానో తెలియదు, మర్నాడు అరచేతులు నొప్పి పెట్టాయి. డాక్టరుగారి మెడలో ఎవరో తప్పెట వేశారు. ఆయన వాయించింది ఒక్క దెబ్బా తాళంలో పడలేదు. ఆ సంగతి అప్పుడు ఎవరికీ పట్టలేదు. ఆదివారం మా పాస్టరుగారు గుమ్మం దగ్గర చెయ్యి కలుపుతూ, జాతర బాగా జరిగిందటగా అని అడిగి నవ్వారు.

తర్వాతి నెలలు పనికిమాలినంత మామూలుగా గడిచాయి. బాగుపడటం అంటే ఎప్పుడూ అలాగే ఉంటుంది, పిల్లలూ, అందులో చూపించుకోవడానికేమీ ఉండదు. మొదట విశ్రాంతి. మడమకి లాగుడు తగ్గేలా హవాయి చెప్పులో రబ్బరు ముక్క ఎత్తుగా అంటించాం. వాపు తగ్గాక, కూర్చుని పాదం ఆడించడం, తర్వాత నిలబడి కమ్మీ పట్టుకుని కొంచెం కొంచెంగా మడమలు లేపడం. ఎన్నిసార్లో లెక్కపెట్టమంటే ఆయనకి విసుగు. లెక్కకి బదులు పాట పాడతానన్నాడు. ఒక చరణం లేపడం, ఒక చరణం విశ్రాంతి. నడుంనొప్పి వాళ్ళూ మెడనొప్పి వాళ్ళూ ఆ పాటకే తమ కసరత్తులు చేసుకోవడం మొదలుపెట్టారు. ఆయన రాని రోజు నా గదికి ఎవరూ సమయానికి వచ్చేవారు కాదు.

డాక్టరుగారు అడిగే తీరు మార్చుకున్నారు. మా నర్సుల దగ్గర కూర్చుని మాటలు నేర్చుకున్నారు. "ఊపిరికి ఏటైనా ఏసుకుంటన్నావా? కీళ్ళకి? దురదకి? ఎవులైనా సిన్న తెల్లమాత్ర ఇచ్చినారా? మందు కాదు అనుకునేది ఏటైనా మింగుతన్నావా?" యాస మాత్రం ఆయన నోట్లో వింతగా పలికేది, రోగులు నవ్వుకుంటూనే అన్నీ చెప్పేసేవారు. మీరూ అలాగే అడగండి. ఆ యాంటీబయాటిక్ చెడ్డదని నేను చెప్పడం లేదు. ఆ మందు నిలబెట్టిన ప్రాణాల్ని మా వార్డులోనే చూశాను. ఎవరికి ఇస్తున్నామో తెలుసుకుని ఇవ్వాలి. మింగేవాళ్ళకి మడమ నొప్పో భుజం నొప్పో కొత్తగా వస్తే ఓర్చుకోకుండా వెంటనే చెప్పమనాలి. స్టెరాయిడ్‌ని తమంతట తాము ఆపేయవద్దని కూడా చెప్పాలి. నా పాఠం ఇంతే.

మేము ఎదురుచూసిన రోజు చలికాలం వెళ్ళాక వచ్చింది. ఒంటికాలి మీద నిలబడి, కమ్మీ పట్టుకోకుండా, మునివేళ్ళమీదికి లేవాలి. అది చేయగలిగితే ఆ తాడు మళ్ళీ పనిలోకి వచ్చినట్టే. డాక్టరుగారు ఓపీ వదిలి వచ్చారు. భార్య, బావమరిది గుమ్మంలో నిలబడ్డారు. మంచాల మీద పేషెంట్లు పక్కకి ఒరిగి చూస్తున్నారు. గురువుగారు గోడవైపు తిరిగి ఎడంకాలు ఎత్తాడు. కుడిమడమ నేలనుంచి మెల్లగా లేచింది. పిక్క బిగుసుకుంది, వణికింది, నిలబడింది. ఇంకా లేచింది.

ఆ గోడకి పైన ఒక వెంటిలేటరు కంత ఉంది. ఆయన తల దాని ఎత్తుకి చేరింది. అటువైపు చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

"ఎలా ఉంది గురువుగారూ? నొప్పుందా?" అని అడిగారు డాక్టరుగారు.

"నొప్పి నేదు బాబూ," అన్నాడు నిదానంగా. "ఇక్కణ్ణుంచి మీ వంటశాల కనబడతన్నాది. పొయ్యిమీద పప్పు మాడిపోతన్నాది. ఎవులూ నేరు."

మేమందరం ఒకేసారి వంటశాలకి పరుగెత్తాం. వెనకనుంచి ఆయన గొంతు వినబడుతోంది.

"అమ్మా, నన్ను దిగమంటారేటి, ఉండమంటారేటి?"